మంచు మీద జారే బండి, నీటి మీద తేలే బండి

రోడ్డు లేని చోట బండిని ఆపేది చాలాసార్లు మెత్తటి నేల. నడుము లోతున కొత్తగా పడ్డ మంచు, కాలు పెడితే మోకాలి దాకా దిగబడే చిత్తడి, ఒడ్డు ఎక్కడుందో తెలియని వరద నీరు ఎదురైతే మామూలు జీపు తన బరువుకు తానే కూరుకుపోతుంది. ఈ చిక్కు తీర్చడానికి ఇరవయ్యో శతాబ్దంలో ఉత్తర దేశాల్లో రెండు రకాల బండ్లు పుట్టాయి. ఒకటి స్నోమొబైల్: ముందు రెండు స్కీలు, వెనక ఒకే ఒక రబ్బరు పట్టా, పైన మోటారు సైకిలు మీద లాగా చెరోపక్క కాళ్ళు వేసి కూర్చునే సీటు. రెండోది ఉభయచర వాహనం: ఆరో ఎనిమిదో లావుపాటి టైర్లు, వాటి మధ్య నీరు చొరని తొట్టి, ఆ తొట్టిలోనే మనుషులూ ఇంజనూ సామానూ.

రెండింటి వెనకా ఉన్న లెక్క ఒక్కటే. బరువును ఎంత మేర పరిచారన్నదే ఆ లెక్క. దమ్ము చేసిన చేలో దిగిన మనిషి పిక్కల దాకా కూరుకుపోతాడు. అదే చేలో ఎడ్లు లాగే చదును పలక మీద ఆ మనిషే ఎక్కి నిలబడితే, పలక బురద మీద జారుతూ పోతుంది. మొత్తం బరువు పెరిగినా అది పలక పొడవునా పంచుకుపోయింది కాబట్టి దిగబడదు. కారు టైరులో 30 పౌండ్ల గాలి కొట్టిస్తారు. నేల మీద పడే ఒత్తిడి కూడా సుమారుగా అంతే, అంటే చదరపు అంగుళానికి 30 పౌండ్లు. నడిచే మనిషి ఒక్కో అడుగు మోపినప్పుడు అది అయిదు పౌండ్ల దరిదాపుల్లో ఉంటుంది. ఎనిమిది చక్రాల ఉభయచర వాహనానికి రెండు పౌండ్లు. స్నోమొబైల్‌కు ఒక పౌండు కూడా ఉండదు. మనిషి కాలు దిగబడే చోట ఈ రెండు బండ్లూ పైపైన పోగలగడానికి కారణం ఇదే. అయితే ఈ తేలికదనాన్ని అవి వేర్వేరు దారుల్లో సాధించాయి. వాటి మధ్య తేడాలన్నీ అక్కడి నుంచే మొదలవుతాయి.

స్నోమొబైల్ చరిత్రలో ముందు చెప్పుకోవాల్సింది కెనడాలోని క్యుబెక్ రాష్ట్రం, వాల్‌కూర్ అనే ఊరు. జోసెఫ్ ఆర్మాన్ బొంబార్డియే 1907లో అక్కడ పుట్టాడు. పదిహేనేళ్ళ వయసులో, 1922లో, పాత ఫోర్డ్ కారు ఇంజనును ఒక స్లెడ్జి బండికి బిగించి, వెనక విమానం పంకా లాంటిది అమర్చి మంచు మీద నడిపాడు. ఆ రోజుల్లో క్యుబెక్ పల్లెలకు చలికాలమంతా దారులు మూసుకుపోయేవి. 1934లో అతని రెండేళ్ళ కొడుక్కి కడుపులో జబ్బు చేసింది. మంచు కప్పేసిన దారిలో ఆసుపత్రికి చేర్చే మార్గం లేక ఆ బిడ్డ చనిపోయాడు. ఆ తర్వాత మూడేళ్ళకు, 1937లో, పళ్ళ చక్రంతో తిరిగే రబ్బరు పట్టాకు బొంబార్డియే పేటెంటు సంపాదించాడు. దానితో తయారైన మొదటి బండ్లు ఏడుగురు కూర్చునే పెద్దవి. డాక్టర్లు, తపాలా సిబ్బంది, బడిపిల్లలు వాటిలో తిరిగారు. 1948లో క్యుబెక్ ప్రభుత్వం చలికాలంలోనూ రోడ్ల మీద మంచు తీయించడం మొదలుపెట్టాక పెద్ద బండ్లకు గిరాకీ పడిపోయింది. ఒకరిద్దరు ఎక్కే చిన్న బండి కోసం తేలికపాటి ఇంజన్లు వచ్చేదాకా ఆగి, 1959లో అతను స్కీ-డూను అమ్మకానికి తెచ్చాడు. నేటి స్నోమొబైల్ రూపం దానిదే.

అమెరికాలో ఈ ప్రయత్నం వేరుగా సాగింది. విస్కాన్సిన్ రాష్ట్రంలోని సేనర్‌లో కార్ల్ ఎలియాసన్ అనే దుకాణదారుడు పాదంలోని లోపం వల్ల మంచులో తోటివారితో సమానంగా తిరగలేక, 1924లో ఒక మోటారు స్లెడ్జిని తయారుచేసుకున్నాడు. 1927లో దానికి పేటెంటు వచ్చింది. 1956లో మిన్నెసోటాలోని రోజోలో పొలారిస్ సంస్థ తొలి బండి తయారైంది.

స్నోమొబైల్ యంత్రభాగాలు చూస్తే ప్రతి ఒక్కటీ మంచును నమ్ముకుని ఉంటుంది. ఇంజను శక్తి ఒక బెల్టు మీదుగా వెళుతుంది. వేగాన్ని బట్టి పుల్లీల వెడల్పు దానంతట అదే మారుతుంది కాబట్టి గేర్లు వేసే పని లేదు. మన గేరు లేని స్కూటర్లలో ఉన్నదీ ఈ అమరికే. బెల్టు నుంచి శక్తి పళ్ళ చక్రానికి, దాని నుంచి రబ్బరు పట్టాకు చేరుతుంది. పట్టా మీద వరసగా రబ్బరు రెక్కలుంటాయి. చదును చేసిన బాటల మీద తిరిగే బండికి అంగుళం ఎత్తు రెక్కలు చాలు, కొండల్లో లోతు మంచు మీద తిరిగేదానికి మూడు అంగుళాల దాకా కావాలి. లోపలి వైపు పట్టా రెండు పొడవాటి కమ్మీల మీద జారుతుంది. ఆ కమ్మీల అడుగున ప్లాస్టిక్ పట్టీలుంటాయి. వాటికి నూనె పెట్టరు. పట్టాతో పాటు ఎగిరిపడే మంచే వాటిని తడుపుతూ, చల్లబరుస్తూ ఉంటుంది. నీటితో చల్లబడే ఇంజన్లలో రేడియేటరు పని చేసే పలకలు కూడా పట్టాకు పైన సొరంగం లాంటి కప్పు కిందే ఉంటాయి. వాటి వేడిని లాక్కునేదీ ఎగిరొచ్చిన మంచే.

అందుకే మంచు లేని రోడ్డు మీద కొన్ని కిలోమీటర్లు పోతే ఇంజను వేడెక్కుతుంది, ప్లాస్టిక్ పట్టీలు కరిగి అరిగిపోతాయి, స్కీల కింది లోహపు అంచులు రాతి మీద గీసుకుపోతాయి. గట్టిపడి గాజులా ఉన్న ఐసు మీద కూడా ఇదే ఇబ్బంది, పైకి ఎగరడానికి పొడి మంచు ఉండదు కాబట్టి. ఇలా ఒకే నేలకు కట్టుబడినందుకు ప్రతిఫలంగా స్నోమొబైల్‌కు దక్కింది వేగం. రెండు మూడు వందల కిలోల బండికి 60 నుంచి 150 హార్స్‌పవర్‌కు పైగా శక్తి ఉంటుంది. గంటకు 100 కిలోమీటర్లు దాటడం దానికి పెద్ద విషయం కాదు. ఈ వేగం సరదా కోసం మాత్రమే కాదు. పొడి మంచులో బండి పైకి లేచి తేలేది కదులుతూ ఉన్నంతసేపే. నెమ్మదించి ఆగిందంటే తోక భాగం దిగబడుతుంది. అప్పుడు రైడరు దిగి, పారతో మంచు తవ్వి, చేత్తో లాగి తీయాల్సిందే.

మంచుకూ నీటికీ ఒకే బండి సరిపోతుందా అన్న ప్రశ్నకు రెండో ప్రపంచ యుద్ధమే ఒక జవాబు ఇచ్చింది. జర్మనీ ఆక్రమించిన నార్వేలో మంచు మీదుగా చొరబడి విద్యుత్కేంద్రాలను దెబ్బతీయాలని బ్రిటిష్ మేధావి జెఫ్రీ పైక్ ఒక పథకం ఇచ్చాడు. దానికోసం అమెరికాలో స్టూడీబేకర్ సంస్థ వీజిల్ అనే పట్టాల బండిని తయారుచేసింది. పథకం రద్దయింది, బండి మిగిలింది. నేల మీద రెండు పౌండ్లకు మించని ఒత్తిడి బురదలోనూ పనికొస్తుందని సైన్యం గ్రహించింది. తర్వాత ముందూ వెనకా గాలి పెట్టెలు బిగించి దాన్ని నీటిలో తేలేలా చేశారు. పట్టాలు తిరుగుతుంటే గంటకు ఆరు కిలోమీటర్ల వేగంతో చెరువులూ కాలువలూ దాటేది. 1944 నవంబరులో నెదర్లాండ్స్‌లోని వాల్హరెన్ దీవిలో గట్లు తెగి ముంచెత్తిన పొలాల్లో బ్రిటిష్ దళాలు దాన్ని వాడాయి. కానీ అలలు లేస్తే, నీటి ఉరవడి ఎక్కువైతే అది నిలిచేది కాదు. మంచు, నీరు రెండూ దాటింది కానీ రెండింటిలోనూ నిదానంగానే దాటింది. ఆ తర్వాత వచ్చిన ఇలాంటి ఉభయచర బండ్లు ఈ నిదానాన్ని లోపంగా చూడకుండా ఒప్పుకునే తయారయ్యాయి.

చక్రాల మీద నడిచే చిన్న ఉభయచర వాహనం 1960ల్లో కెనడాలోనే రూపుదిద్దుకుంది. ఆంటారియో రాష్ట్రంలో జిగర్ అనే ఆరు చక్రాల బండి మొదట వచ్చింది. ఆ వెంటనే ఆంఫీక్యాట్, మ్యాక్స్, అట్టెక్స్ లాంటివి వరసగా బయలుదేరాయి. 1967లో ఆంటారియోలోని న్యూ హాంబర్గ్‌లో గేర్‌బాక్సులు తయారుచేసే ఒక సంస్థ ఆర్గో పేరుతో తన బండిని తెచ్చింది. అప్పట్లో మొదలైన చాలా పేర్లు కాలక్రమంలో కనిపించకుండా పోయాయి, ఆర్గో మాత్రం ఇప్పటికీ నిలిచి ఉంది. ఆ సంస్థ కెనడా అంతరిక్ష సంస్థ కోసం చంద్రుడి మీద తిరిగే రోవర్ల నమూనాలు కూడా తయారుచేసింది. వదులు నేల మీద దిగబడకుండా నడిచే విద్య ఎక్కడైనా ఒకటే కదా.

ఈ బండికి స్ప్రింగులు అంటూ వేరే ఉండవు. గట్టి ప్లాస్టిక్‌తో పోత పోసిన తొట్టే దాని ఒళ్ళు. రెండు మూడు పౌండ్ల గాలి మాత్రమే ఉండే టైర్లే దాని సస్పెన్షన్. అంత తక్కువ గాలితో టైరు రాయి మీద పడితే రాయి ఆకారానికి ఒదిగిపోతుంది, బురద మీద పడితే వెడల్పుగా పరుచుకుంటుంది. ఒక్కో వైపు చక్రాలన్నీ గొలుసులతో కలిసి ఉంటాయి కాబట్టి ఆ వైపున అన్నీ ఒకేసారి తిరుగుతాయి. ఒక చక్రం గాలిలో తేలినా మిగతావి లాగుతూనే ఉంటాయి. మలుపు తిప్పడానికి ముందు చక్రాలు పక్కకు వంగవు. ఎడమకు తిరగాలంటే ఎడమ వైపు చక్రాలకు బ్రేకు పడుతుంది, కుడివైపు చక్రాలు తిరుగుతూ బండిని చుట్టూ తిప్పుతాయి. ట్యాంకు తిరిగేదీ ఇలాగే. ఈ పద్ధతిలో బండి నిలుచున్న చోటే వెనక్కి తిరగగలదు. బదులుగా గట్టి నేల మీద టైర్లు ఈడ్చుకుపోతాయి, ఇంజను శక్తి వృథా అవుతుంది. భూమి మీద గరిష్ఠ వేగం గంటకు 30, 40 కిలోమీటర్ల మధ్య ఉంటుంది. స్ప్రింగులు లేని బండిలో గతుకుల మీద అంతకు మించి పోవడం ఒంటికీ మంచిది కాదు.

నీటిలోకి దిగినప్పుడు డ్రైవరు మార్చాల్సింది ఏమీ లేదు. తొట్టి, టైర్లలోని గాలి కలిసి బండిని తేలుస్తాయి, టైర్ల మీది రబ్బరు గాట్లు తెడ్లుగా నీటిని వెనక్కి తోస్తాయి. వేగం గంటకు నాలుగైదు కిలోమీటర్లు, అంటే మనిషి నడక. నది ఉరవడి అంతకంటే ఎక్కువగా ఉంటే ఎదురీదడం కుదరదు, బండి కొట్టుకుపోతుంది. ఎదురుగాలి కూడా గట్టిగానే అడ్డుపడుతుంది. అందుకని దూరం దాటేవారు వెనక చిన్న పడవ ఇంజను బిగిస్తారు. బరువు విషయంలో నీరు నేల కంటే కచ్చితంగా ఉంటుంది: ఎనిమిది చక్రాల ఆర్గోలో నేల మీద ఆరుగురు ఎక్కవచ్చు, నీటిలో నలుగురే. ఇరుసులు తొట్టిలోంచి బయటకు వచ్చే చోట ఉండే సీళ్ళు అరిగితే నీరు లోపలికి చెమరుస్తుంది. కాబట్టి లోపల నీరు తోడే చిన్న పంపు ఉంటుంది. ఆ పంపు పనిచేస్తోందో లేదో చూసుకోకుండా చెరువులోకి దిగకూడదు.

మరి మంచు మీద రెండింటినీ పక్కపక్కన నిలబెడితే? బాట చేసిన గట్టి మంచు మీద ఉభయచర వాహనం ఏ ఇబ్బందీ లేకుండా పోతుంది. లోతైన పొడి మంచులో టైర్లు దిగబడి, తొట్టి అడుగు మంచుకు ఆనుతుంది. చక్రాలు తిరుగుతాయి, బండి కదలదు. దీనికి విరుగుడుగా టైర్ల మీదుగా రబ్బరు పట్టాలు తొడుగుతారు. అప్పుడు నేల మీది ఒత్తిడి ఒక పౌండుకు లోపల పడి, లెక్క ప్రకారం స్నోమొబైల్‌కు దగ్గరగా వస్తుంది. అయినా సమఉజ్జీ కాదు. పట్టాల బరువు కలిస్తే అయిదారు వందల కిలోలు దాటిన బండికి ఉన్న శక్తి 20 నుంచి 40 హార్స్‌పవర్లు. ఏటవాలు మంచు కొండను స్నోమొబైల్ ఒక్క ఊపులో ఎక్కే చోట అది సగంలో ఆగిపోతుంది. కానీ గాయపడ్డ మనిషిని స్ట్రెచరుతో సహా పడుకోబెట్టి, నలుగురు సహాయకులతో, నిదానంగా కిందకు దించాల్సి వస్తే ఉభయచర వాహనమే మేలు. స్నోమొబైల్ వెనక స్లెడ్జి కట్టి రోగిని లాగవచ్చు, లాగుతున్నారు కూడా. అయితే ఆ రోగి గాలికీ ఎగిరిపడే మంచుకూ బయటే ఉంటాడు.

రెండింటి మధ్య అసలు తేడా గడ్డకట్టిన చెరువుల మీద బయటపడుతుంది. మిన్నెసోటా సహజ వనరుల శాఖ సలహా ప్రకారం కొత్తగా గడ్డకట్టిన తేట ఐసు మీద మనిషి నడవడానికి నాలుగు అంగుళాల మందం ఉండాలి, స్నోమొబైల్‌కు అయిదు నుంచి ఏడు అంగుళాలు. కింద ఊటలు, ప్రవాహాలు ఉన్న చోట ఆ మందం ఒకే చెరువులో అడుగడుగుకూ మారుతుంది. పైన మంచు కప్పి ఉంటే కంటికి తెలియదు. రాత్రి పూట దీపం వెలుగు పడే దూరం కంటే బండి ఆగడానికి పట్టే దూరం ఎక్కువైతే, నీటి మడుగు కనిపించేసరికే ఆలస్యమవుతుంది. స్నోమొబైల్ ప్రమాదాల్లో మునిగి చనిపోవడం ఎంతోకాలంగా ఒక ముఖ్య కారణం. వేగంగా పోతున్నంతసేపు స్నోమొబైల్ నీటి మీద కూడా జారుతుందన్నది నిజమే. విస్కాన్సిన్‌లోని గ్రాంట్స్‌బర్గ్‌లో 1977 నుంచి వేసవిలో నీటి మీద స్నోమొబైల్ పందేలు జరుగుతున్నాయి. కానీ వేగం తగ్గిన క్షణమే అది మునుగుతుంది. అందుకే శీతల దేశాల అగ్నిమాపక దళాలు ఐసు విరిగి పడ్డవారిని తీయడానికి ఉభయచర వాహనాలను ఉంచుకుంటాయి. ఐసు విరిగినా అవి తేలతాయి. అయితే నీటిలోంచి మళ్ళీ ఐసు అంచు మీదకు ఎక్కడం చిన్న టైర్ల బండికి కష్టం. చాలాసార్లు వించితో లాగాల్సి వస్తుంది.

ఈ తేడాను ఉత్తర ధ్రువం కథ అన్నిటికన్నా బాగా చూపిస్తుంది. 1968 ఏప్రిల్‌లో అమెరికన్ రాల్ఫ్ ప్లేస్టెడ్ బృందం కెనడా ఉత్తర కొస నుంచి స్కీ-డూల మీద బయలుదేరి ధ్రువాన్ని చేరింది. అమెరికా వైమానిక దళ విమానం వారి స్థానాన్ని ధ్రువీకరించింది. మంచు మీదుగా ధ్రువం చేరినట్టు ఏ వివాదమూ లేకుండా రుజువైన తొలి ప్రయాణం అదే. దారిలో వారికి ఇంధనం, ఆహారం విమానం తెచ్చి ఇచ్చింది. తిరుగు ప్రయాణమూ విమానంలోనే. సముద్రం మీది మంచు పలకలు విడిపోయి నీటి చీలికలు తెరుచుకున్న చోట స్నోమొబైల్‌కు ఉన్న దారులు రెండే: చుట్టు తిరిగి పోవడం, లేదా గడ్డకట్టేదాకా వేచి ఉండడం. 2009లో వాసిలీ ఎలాగిన్ నాయకత్వంలో రష్యన్ బృందం యెమెల్యా అనే ఆరు చక్రాల, పల్చని గాలి టైర్ల ఉభయచర బండ్లలో ధ్రువం చేరింది. 2013లో మళ్ళీ బయలుదేరి, రష్యా వైపు దీవుల నుంచి ధ్రువం మీదుగా కెనడాలోని రెజొల్యూట్ బే దాకా వెళ్ళింది. ఆ బండ్లు నిదానమైనవే. కానీ చీలిక ఎదురైతే నీటిలో దిగి దాటేవి. ఇంధనమూ తిండీ వెంట లాక్కుపోయేవి. మనుషులు నిద్రపోయేదీ వాటిలోనే.

మనుషుల బతుకుల్లో తెచ్చిన మార్పు చూస్తే స్నోమొబైల్‌దే పెద్ద చరిత్ర. ఫిన్లాండ్ ఉత్తరాన సెవెత్తియార్వి ప్రాంతంలో రెయిన్‌డీర్ మందలు కాచుకునే స్కోల్ట్ సామీ ప్రజల దగ్గరకు అది 1962 ప్రాంతంలో వచ్చింది. అమెరికన్ మానవశాస్త్రజ్ఞుడు పెర్టీ పెల్టో అక్కడే ఉండి ఆ మార్పును గమనించి 1973లో పుస్తకంగా రాశాడు. దశాబ్దం లోపే రెయిన్‌డీర్లు లాగే స్లెడ్జిలు మూలపడ్డాయి. దుకాణానికి వెళ్ళిరావడం గంటల్లోకి వచ్చింది. మరోవైపు మోటారు మోతతో తరిమే మందలు మనిషికి మచ్చిక తప్పాయి. పెట్రోలుకూ విడిభాగాలకూ చేతిలో డబ్బు కావలసివచ్చింది. ఆ ఖర్చు తట్టుకోలేని కుటుంబాలు మందల కాపునే వదిలేశాయి. అమెరికాలోని యెల్లోస్టోన్ జాతీయ వనంలోకి స్నోమొబైళ్ళు 1963లో వచ్చాయి. టూ-స్ట్రోక్ ఇంజన్ల పొగ, రొద మీద దశాబ్దాల వివాదం నడిచి, 2000లో వాటిని క్రమంగా నిషేధించాలన్న నిర్ణయం దాకా వెళ్ళింది. కోర్టుల్లో సుదీర్ఘంగా నలిగాక, శుభ్రమైన ఇంజన్లున్న పరిమిత సంఖ్యకే అనుమతి అన్న చోట ఆగింది. ఉభయచర వాహనం మీద ఇంత గొడవ రాలేదు, వాటి సంఖ్య తక్కువ కాబట్టి. అది చేసే హాని నెమ్మదిగా కనబడేది. ఒకే దారిలో పదే పదే పోతే చిత్తడి నేల మీది నాచు పొర తెగి, ఆ గాడి ఏళ్ళ తరబడి పూడదు.

భారతదేశంలో రెండింటికీ చోటుంది. సియాచెన్ హిమానీనదం మీద సైన్యం స్నోమొబైళ్ళను స్నో స్కూటర్లంటుంది. శిబిరాల మధ్య సామానునూ మనుషులనూ చేరవేయడం వాటి పని. అక్కడ భయం నీటి గురించి కాదు, మంచు కప్పేసిన లోతైన పగుళ్ళ గురించి. పైగా ఆ ఎత్తులో గాలి పల్చబడి ఇంజను శక్తి కూడా బాగా తగ్గుతుంది. గుల్మార్గ్‌లో పర్యాటకులు ఎక్కి తిరిగేవి, అంటార్కిటికాలోని భారతీయ కేంద్రాల్లో శాస్త్రవేత్తలు వాడేవి కూడా ఈ రకానివే. ఉభయచర వాహనాల్లో సైన్యం ఇటీవల చేర్చుకున్నది ఏటార్ ఎన్1200. షెర్ప్ అనే విదేశీ బండి నమూనా ఆధారంగా చండీగఢ్‌లో తయారవుతోంది. దాని నాలుగు టైర్లు ఒక్కొక్కటీ మనిషి ఎత్తున ఉంటాయి. నీటిలో గంటకు ఆరు కిలోమీటర్ల వేగంతో, 1,200 కిలోల బరువు మోస్తుంది. టైర్లు అంత పెద్దవి కాబట్టి చిన్న బండ్లు తడబడే ఐసు అంచును కూడా ఇది ఎక్కగలదు. మంచు కొండల కోసం, చిత్తడి సరిహద్దుల కోసం కొన్న ఈ బండ్లు 2025 ఆగస్టులో పంజాబ్ వరదల్లో అమృత్‌సర్ జిల్లా పల్లెలకు వెళ్ళాయి. మునిగిన పొలాలు దాటి, ఇళ్ళలో చిక్కుకున్న పిల్లలనూ వృద్ధులనూ బయటకు తెచ్చాయి.